పూత రాలే కాలం



తపస్సుకాలం వచ్చింది. గుడిలో అల్లెలూయ ఆగింది. బలిపీఠంపై పువ్వులు లేవు. వాయిద్యాలు పాటకు ఊతమిచ్చే మేరకే. (నాలుగవ ఆదివారం ఈ నియమం సడలుతుందని మన తబలా వాయించేవారికి బాగా తెలుసు!) బయట మామిడి పూత రాలుతోంది. వేల పూలు పూసినా చెట్టు కాయలుగా నిలుపుకొనేవి కొన్నే.

పాటలు కట్టే మీతో ఒక మాట. క్రిస్మస్‌కని నేను ఆరు పాటలు మొదలుపెట్టాను, ఒక్కటీ పూర్తికాలేదు. అడిగినవారికల్లా ఒప్పుకొన్నాను, కాదంటే నా పేరు మరచిపోతారేమోనని. గది తలుపు మూసుకొని ప్రార్థించమన్న ప్రభువు మాట (మత్తయి 6:6) విభూది బుధవారం చెవిన పడినప్పుడు సిగ్గేసింది. ఆ పాటలు తినేసింది నా ప్రార్థన వేళనే.

ఈ నలభై రోజులు ఐదింటిని పక్కన పెడుతున్నాను. ఉంచుకొన్నది మంచం పట్టినవారు కూడా పాడుకోగల చిన్న కీర్తన. మీ నోటుపుస్తకంలో దేనిని ఉంచుతారు?