జుట్టు రాలితే పచ్చబొట్టా?



ఒక అన్సారీ మహిళ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి తన కూతురి గోడు చెప్పుకున్నారు. అమ్మాయికి జబ్బు చేసి తల వెంట్రుకలు రాలిపోయాయి. పెళ్ళి దగ్గర పడింది. వేరే జుట్టు కలిపి అతికించవచ్చా అని అడిగారు. ప్రవక్త (స) ఒప్పుకోలేదు. అతికే స్త్రీనీ, అతికించుకునే స్త్రీనీ శపించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న హదీసు ఇది.

మొన్న ఒక తల్లి అదే బాధతో నా దగ్గరికి వచ్చారు. కాకపోతే ఆమె అడిగింది మాడు మీద సూదులతో రంగు చుక్కలు వేయించడం గురించి. "మౌలానా సాబ్, ఇది పచ్చబొట్టు కాదంట, పిగ్మెంటేషన్ అంట" అన్నారు.

పేరు మారితే హుకుం మారదు. సన్నని సూదితో చర్మం లోపలికి రంగు ఎక్కించి, గొరిగిన వెంట్రుకల మొదళ్ళలా కనిపించేట్టు చేస్తారు. కొన్నేళ్ళకు వెలిసిపోతే మళ్ళీ పొడిపించుకోవాలి. పచ్చబొట్టు పొడిచేవారినీ, పొడిపించుకునేవారినీ ప్రవక్త (స) శపించారు. లోపాన్ని కప్పడానికే కనుక ఫరవాలేదని నేటి పండితులు కొందరంటారు. నాకా మాట మింగుడుపడదు. ఆ అన్సారీ అమ్మాయిదీ జబ్బే కదా!

అసలు జబ్బేమిటో ముందు తెలుసుకోవాలి. నాణెమంత గుండ్రంగా ఊడితే మనవాళ్ళు పేనుకొరుకుడు అంటారు. పాపం, పేనుకు ఏ సంబంధమూ లేదు. ఒంట్లోని రక్షణ శక్తే పొరబడి కుదుళ్ళపై దాడి చేస్తుంది. కుదుళ్ళు చావవు కనుక చాలామందికి తిరిగి మొలుస్తుంది. టైఫాయిడ్ వంటి జ్వరం, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు రాలే జుట్టూ సాధారణంగా తిరిగి వస్తుంది. వంశపారంపర్యపు బట్టతల నెమ్మదిగా సాగుతుంది. కుదుళ్ళు మచ్చకట్టి చచ్చిపోయే రకంతోనే చిక్కు. అందులో పోయిన జుట్టు రాదు, ఆలస్యం చేయకూడదు.

వైద్యం చేయించుకోమన్నది ప్రవక్త (స) ఆదేశమే. తన వెంట్రుకలనే తన తలలో నాటించుకోవడం అతికించడం కిందికి రాదు. 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, రాలిన జుట్టు నాటించుకోవడాన్ని, ముఖ్యంగా స్త్రీలకు, అనుమతించింది.

ముందు చర్మవ్యాధుల డాక్టరుకు చూపించమని, పెళ్ళివారికి ఉన్నది చెప్పమని ఆ తల్లితో అన్నాను. "చెబితే వెనక్కి పోతేనో?" అన్నారు. పోవచ్చు. నిఖా అయ్యాక బయటపడితే ఆ మాటలు పడేది అమ్మాయే.

ఇప్పటికే చుక్కలు వేయించుకున్నవారు తౌబా చేసుకోవాలి. రంగు చర్మం లోపల ఉంటుంది కనుక వుజూ, గుసుల్ చెల్లుతాయి. జిగురుతో అతికించే హెయిర్ ప్యాచ్ సంగతి వేరు. దాని కింద చర్మానికి నీళ్ళు అందవు. అది తీసే ఫర్జ్ గుసుల్ చేయాలి.