కొల్లేటిపై విశ్రాంతి

మనస్సు నిస్తరంగమైన సరస్సువలె ఉండవలెనని పెద్దలు చెప్పు మాట బాల్యమునుండి వినుచున్నదే. ఆ మాటను నేను కాదనను. కాని సహజముగా ఏర్పడిన మంచినీటి సరస్సైన కొల్లేటిపై ఒక పగలెల్ల గడపినవారికి, ఆ నిశ్చలత యెట్టిదను ప్రశ్న పుట్టక మానదు.

వానలు వెనుకబట్టిన దినములలో కొల్లేటికోటలో పెద్దింట్లమ్మను సేవించి, దోనె యెక్కి, చేయవలసిన పని యొక్కటియు లేక వెల్లకిల పరుండినవానికి, సర్వము ఆగిపోయినట్లే మొదట తోచును. కిక్కిస పొదలు కదలవు. గూడబాతు నీటిపై ఉన్నచోటనే ఉన్నట్లుండును. కాని దోనె నడుపువాడు గడ గ్రుచ్చి తీసినపుడు అడుగునుండి లేచు నల్లని బురదను కొంతసేపు కనిపెట్టి చూడుడు: అది లేచినచోట దిగదు, మెల్లమెల్లగా విడివడుచు, జానెడో మూరెడో పల్లమువైపునకు జరిగి, అచట దిగును. నీరు నడచుచునే యున్నది.

బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి తెచ్చిన నీటిని, కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లమున నున్న ఈ సరస్సు తనలో నిలుపుకొని, చుట్టుపట్ల ఊళ్లకు ముంపు తగ్గించుచు, ఉప్పుటేటి ద్వారమున నెమ్మదిగా బంగాళాఖాతమునకు విడుచును. గీతాచార్యుడు శాంతి పొందినవానిని, ఎన్ని నదులు వచ్చి చేరినను చలింపని సముద్రముతో పోల్చెను. అది ముక్తపురుషునకు తగిన ఉపమ. సంసారులమైన మనకు సముద్రమంతటి గర్భము లేదు. పుచ్చుకొన్నది పంచిపెట్టినగాని మన మనస్సునకు తెరపి కలుగదు. మనకు కొల్లేరే గురుస్థానీయము.

1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సార్ జాబితా కెక్కిన ఈ సరస్సును చేపల చెరువుల గట్లు ఆక్రమించినవి. గట్టులోపలి నీరును నిస్తరంగమే. చూచుటకు మరింత ప్రశాంతము. అయినను వచ్చు వరదకు అది త్రోవ యీయదు. 2006లో ప్రభుత్వము అనేకమైన గట్లను తెగగొట్టించినది. ఆ చెరువులనే నమ్ముకొన్న పేదకుటుంబముల దుఃఖము సామాన్యము కాదు. దానిని తలపక కొల్లేటి సౌందర్యమును పొగడుట నాకు చేతకాదు.

విశ్రాంతి విషయమునను మనము తరచు గట్లే పోయుచున్నాము. తలుపులు మూసికొని, ఇతరుల కష్టము చెవిని పడకుండ కాచుకొన్న నెమ్మదిని శాంతియని పిలుచుకొందుము. పతంజలి ధ్యానమునకు చాల ముందుగా, అష్టాంగములలో మొదటిదైన యమమునందే అపరిగ్రహమును చేర్చెను. ధనమునకే కాదు, నెమ్మదికిని ఆ నియమము వర్తించునని నా నమ్మకము. దోనెలో నేను పొందిన సుఖమంతయు ఎండలో నిలిచి గడ వేయువాని రెక్కల కష్టముమీద సాగినదే కదా! అది తోచినపిమ్మట పరుండి యుండలేక, గట్టున చెట్టునీడ కనబడగనే దోనె నాపించి అతనిని కూర్చుండుమంటిని. అతడు తువ్వాలుతో ముఖము తుడుచుకొని, ఉప్పుటేరు పూడినకొలది వరద ఎట్లు వెనుకకు తన్నుచున్నదో చెప్పసాగెను.