పారేసే ముందు ఒక్క మాట

నాయనా, సెమిస్టరు అయిపోయింది, ఊరెళ్లాలి, సత్యనికేతన్ గది సాయంత్రానికల్లా ఖాళీ చేయాలి. తొందర నాకు అర్థమవుతుంది. కానీ మూలనున్న చెత్తంతా ఒకే సంచిలో కుక్కి గుమ్మం బయట పడేశావు చూడు, అది నాకు నచ్చలేదు. జిరాక్స్ కాగితాలు, రాత్రి మిగిలిన రాజ్మా, పాడైన ఛార్జరు, పగిలిన గాజు గ్లాసు, అయిపోయిన బ్యాటరీలు, అన్నీ అందులోనే. అడిగితే "కబాడీవాలా తీసుకుపోతాడు లెండి తాతయ్యా" అంటావు. తీసుకుపోతాడు, నిజమే. ఆ తర్వాత ఎవరి చేతిలో పడుతుందో ఎప్పుడైనా ఆలోచించావా?

నీ యూనివర్సిటీలోనే జరిగిన సంగతి చెబుతా, కాసేపు కూర్చుని విను. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగం వాళ్లు ప్రయోగాల కోసం 1968లో కెనడా నుంచి ఓ గామా కిరణాల యంత్రం కొన్నారు. లోపల రేడియోధార్మిక కోబాల్ట్-60 ఉంటుంది. 1985 తర్వాత దాన్ని వాడినవాళ్లు లేరు. పాతికేళ్లు అలాగే పడి ఉంది. 2010 ఫిబ్రవరిలో తుక్కు కింద వేలం వేసేశారు. అది మాయాపురి తుక్కు బజారుకు చేరింది. మీ శ్రీ వెంకటేశ్వర కాలేజీ ఉన్న ధౌలాకువా నుంచి రింగు రోడ్డు పట్టుకుని వెళ్తే అదేమంత దూరం కాదు. సీసానికి మంచి ధర వస్తుంది కాబట్టి పనివాళ్లు ఆ బరువైన సీసపు తొడుగు ఒలిచారు. లోపలి లోహాన్ని ముక్కలు చేశారు. ఒకతనైతే చిన్న ముక్క పర్సులో పెట్టుకుని తిరిగాడు. ఏప్రిల్ వచ్చేసరికి ఒళ్లు కమిలిపోయి ఒక్కొక్కరే ఆస్పత్రి పాలయ్యారు. వాళ్లలో ఒకతను బతకలేదు. ఆ లోహం ఏమిటో వాళ్లకెవరూ చెప్పలేదు నాయనా. కూలి పని చేసుకునేవాళ్లు, తూకం లెక్క తప్ప వాళ్లకేం తెలుస్తుంది?

చెడ్డ బుద్ధితో ఎవరూ చేసింది కాదది. పాత సామాను వదిలించుకుందామనుకున్నారు, అంతే. నువ్వూ ఇవాళ అదే చేస్తున్నావు. నీ సంచిలో కోబాల్ట్ లేదు, సరే. గాజు పెంకు ఉందిగా! సంచి విప్పే చేతికి అది కనబడదు. మీ అమ్మమ్మ అటక మీది సామాను దించితే ప్రతి డబ్బా మూత తీసి చూసిన తర్వాతే ఎవరికైనా ఇచ్చేది. ఆ అలవాటు నీకెందుకు రాలేదో మరి.

మంచి చేసిన పిల్లలూ ఆ యూనివర్సిటీలోనే ఉన్నారు. 1979లో ఢిల్లీ రిడ్జ్ అడవిని కాపాడాలని విద్యార్థులు గుమిగూడి కల్పవృక్ష అనే సంఘం పెట్టుకున్నారు. 1983లో హిందూ కాలేజీ నేచర్ క్లబ్ పిల్లలతో కలిసి నర్మద లోయకు వెళ్లి, ఆనకట్ట వస్తే ఎవరికేమవుతుందో ఊరూరా అడిగి తెలుసుకున్నారు. చూశావా, అడిగి తెలుసుకున్నారు! నువ్వు పరీక్ష ముందు రాత్రి బట్టీపట్టే ఆ పర్యావరణం పేపరు కూడా ఊరికే రాలేదు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు చెబితే వచ్చింది. మార్కులు తెచ్చుకున్నావు, సంతోషం. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త వేరు చేయాలని నియమాల్లో ఉందని రాసే ఉంటావు. మరి గదిలో ఏదీ ఆ వేరు చేయడం?

కలిపేసిన చెత్త ఎక్కడికి పోతుందో కూడా తెలుసుకో. ఢిల్లీలోని గాజీపూర్ చెత్త గుట్ట 1984లో మొదలైంది. 2002కే నిండిపోయిందన్నారు, అయినా పోస్తూనే ఉన్నారు. 2017 సెప్టెంబరు 1న అది కూలి రోడ్డు మీద వెళ్లేవాళ్ల మీద పడింది. ఇద్దరు పోయారు. వాళ్లకీ ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఉండే ఉంటారు.

నువ్వు మంచివాడివే, నాకు తెలుసు. తొందరే నీ జబ్బు. ఆ సంచి విప్పు, అరగంట పని. అన్నం, కూర తడి చెత్తలో వెయ్యి. కాగితాలు పొడిగా ఉండగానే కట్ట కట్టు, తడిస్తే వాటిని ఎవరూ కొనరు. బ్యాటరీలు, ఛార్జరు విడిగా పెట్టు, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేచోట ఇద్దాం. గాజు పెంకులు నాలుగు మడతల పేపర్లో చుట్టి, టేపు వేసి, పైన హిందీలో 'కాంచ్' అని పెద్దక్షరాలతో రాయి. కబాడీ అబ్బాయి వచ్చినప్పుడు అది చేతికిచ్చి నోటితో కూడా చెప్పు. కాగితాల తూకం దగ్గర రూపాయికీ రెండు రూపాయలకీ బేరమాడకు.