ఫీల్డ్ వర్క్: ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు?

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ)లో చేరిన విద్యార్థి మొదట అడిగే ప్రశ్న, ఫీల్డ్ వర్క్‌కు తనను ఎక్కడ వేస్తారని. వృద్ధాశ్రమమా, బాలసదనమా, సఖి కేంద్రమా? అక్కడికి బస్సుందా, సర్టిఫికెట్‌కు విలువుందా, రేపు అక్కడే ఉద్యోగం దొరుకుతుందా? తప్పుపట్టలేం, బస్సు లేని ఊరికి వారానికి రెండు రోజులు వెళ్ళిరావడం మాటలు కాదు. కానీ ఈ లెక్కల్లో ఒక మనిషి లెక్కకు రాలేదు: ఆ విద్యార్థికి పాఠం కాబోయే మనిషి. సేవ అనే మాటే ఆ మనిషిని మరుగుపరుస్తోంది. ఆ మాట అనగానే విద్యార్థి దాత, ఎదుట కూర్చున్న వృద్ధురాలు గ్రహీత అయిపోతారు. జరిగేది అందుకు తలకిందులు. కన్నకొడుకు వదిలేసిన సంగతి మొదటినుంచీ చెప్పుకొచ్చేది ఆమె. దాన్ని రికార్డులో రాసుకుని మార్కులు తెచ్చుకునేది విద్యార్థి. ఇక్కడ దాత ఆమె.

సాత్త్విక దానానికి దేశం, కాలం, పాత్రత చూడాలని గీత పదిహేడో అధ్యాయం చెబుతుంది. మనం ఆ పాత్రతను ఎప్పుడూ పేదవాడిలో వెతుకుతాం. ఫీల్డ్ వర్క్‌లో పాత్రత తేలవలసింది విద్యార్థిది. కాబట్టి చోటు ఎంచుకునేటప్పుడు నాకు ఎక్కువ నేర్పేది ఏదని కాక, నా రాకపోకలను నొప్పి లేకుండా భరించగలిగేది ఏదని అడగాలి. బాలసదనాన్నే తీసుకోండి. కొత్త అక్క వస్తుంది, బొమ్మలు వేయిస్తుంది, సెమిస్టర్ కాగానే మాయమవుతుంది. మళ్ళీ ఇంకో అక్క. అప్పటికే ఒకరినో ఇద్దరినో పోగొట్టుకున్న పిల్లలకు ఇది చిన్న దెబ్బ కాదు. అక్కడికి వెళ్ళేవాళ్ళు మొదటి రోజే వెళ్ళిపోయే తేదీ చెప్పాలి, రోజూ పిల్లలతో ఉండే సిబ్బంది వెనక పనిచేయాలి. మరో చిక్కు ఇంకా లోతైంది. తండ్రి తాగుడు చూసి పెరిగిన అబ్బాయి డీఅడిక్షన్ సెంటర్‌ను కోరుకోవచ్చు. అతనికున్న ఆర్తి మరొకరికి ఉండదు, నిజమే; ప్రతి రోగిలోనూ తండ్రిని చూసి కోప్పడే ప్రమాదమూ అతనికే ఎక్కువ. వద్దనలేం, గుచ్చి గుచ్చి అడగనూ కూడదు. అతను తనంతట తానుగా మనసు విప్పి చెప్పుకోగల సూపర్‌వైజర్ ఉన్నచోటే అతన్ని వేయాలి.

ఇంత అనుమానమైతే పంపడమే ఎందుకని అడగవచ్చు. 1968లో సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇలిచ్ మెక్సికో పల్లెలకు బయల్దేరిన అమెరికన్ విద్యార్థులకు ముఖం మీదే చెప్పాడు: చూడటానికి, నేర్చుకోవడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రావద్దని. ఆ మాటలో పంపకూడదన్న వాదం నాకు వినిపించదు. మన దేశంలో ఈ చదువే బస్తీలోంచి పుట్టింది. బొంబాయి నాగ్‌పాడాలో నైబర్‌హుడ్ హౌస్ నడిపిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ చేతులమీదుగానే 1936లో టాటా సోషల్ వర్క్ విద్యాసంస్థ మొదలైంది. బస్తీ ముందు, తరగతి గది తర్వాత. జూనియర్ డాక్టరూ రోగుల మీదే నేర్చుకుంటాడు, కానీ అతని వెనక సీనియర్ ఉంటాడు. ఫీల్డ్ వర్క్‌లో వారానికి ఒక గంట విద్యార్థితో కూర్చునే అనుభవజ్ఞులు లేకపోతే ఎంత పేరున్న సంస్థయినా పనికిరాదు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టాక అలాంటి అనుభవజ్ఞుల కొరత మరీ పెద్దదైంది. సర్వే కాగితాలు దొరికినంత తేలికగా పక్కన కూర్చునే మనుషులు దొరకరు.

మార్కుల కోసం చేసేది నిష్కామ కర్మ ఎలా అవుతుందని ఇంకో ఆక్షేపణ. కానక్కర్లేదు. మార్కులు ఆశించడం దోషం కాదు, ఆశించనట్టు నటించడం దోషం. ఇచ్చేటప్పుడు శ్రద్ధతో పాటు సిగ్గూ, భయమూ ఉండాలని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి అంటుంది. పుచ్చుకునేవాడికి అవి ఇంకెంత ఉండాలి! నేర్చుకోవడానికి వచ్చాను, మార్చి దాకా ఉంటాను, మీకు ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు అని ఆ వృద్ధురాలితో అనడంలో ఆ సిగ్గు ఉంది. అప్పుడామె నిజంగానే చెప్పనంటే? ఆ రోజు రికార్డులో ఒక్క వాక్యమే మిగులుతుంది: ఈరోజు ఆమె మాట్లాడటానికి ఇష్టపడలేదు. ఆ పేజీకి కూడా మార్కులు వేసే పద్ధతి సోషల్ వర్క్ విభాగాల్లో ఉండాలి.