పొలానికెళ్ళారత్తయ్యా!

అబద్ధమాడటం తప్పా, కాదా అని ఎవరైనా అడిగితే, ఎవరితో అని ఎదురు ప్రశ్న వేస్తాను నేను.

మా అత్తగారికి ఎనభై రెండేళ్ళు. అల్జీమర్స్. ఆ పేరుగల జర్మన్ డాక్టరు 1906లో మొదటిసారి వివరించిన జబ్బు. పూర్తిగా నయంచేసే మందు ఈనాటికీ లేదు. నిన్నటివి ముందు పోతాయి, ఏనాటివో మిగులుతాయి. పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు గానీ, తన పెళ్ళిలో అలిగిన ఆడపడుచు పేరు గుర్తే! స్నానానికి మొరాయించడం, అర్ధరాత్రి "మా ఇంటికి పోతా"నంటూ తలుపు తియ్యబోవడం ఎలాగో సర్దుకోవచ్చు. గడియ పైకి మార్పించాం. సర్దుకోలేనిది సాయంత్రం ఆరింటి ప్రశ్న.

"మీ మావయ్యగారు ఇంకా రాలేదేమే?"

ఆయన పోయి పదకొండేళ్ళు. అమ్మ దగ్గర అబద్ధమా అని మావారు నిజమే చెప్పేవారు. ఆవిడ అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకునేవారు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. ఒక మనిషిని రోజూ కొత్తగా విధవరాలిని చెయ్యడం ఏం సత్యవ్రతం, చెప్పండి?

నేను మాత్రం "పొలానికెళ్ళారత్తయ్యా" అంటాను. భాగవతంలో శుక్రాచార్యులవారు బలికి చెప్పిన మినహాయింపుల్లో మతి తప్పిన అత్తగారు లేరు. (ఆడవాళ్ళతో బొంకవచ్చన్నారు గానీ, ఆ మర్యాద సంగతి మరోసారి.)

ఒక్కటే ముల్లు. ఆ అబద్ధం ఆవిడ శాంతికా, నా వంట ప్రశాంతంగా సాగడానికా? రెంటినీ విడదీయడం నా వల్ల కాలేదు.

ఈమధ్య ఇంకో దారి దొరికింది. "మావయ్యగారికి ఏ కూరంటే ఇష్టం?" అని అడుగుతాను. గుత్తివంకాయతో మొదలుపెట్టి, ఆవిడ అరగంట చెబుతారు. మావారూ పేపరు పక్కనపెట్టి వింటున్నారు. వాళ్ళ నాన్న గురించి ఆయనకి తెలియనివే ఎక్కువట.