సాలీడు ఏ పాపం చేసింది?

కిందటి వీడియోలో శ్రీకాళహస్తి గురించి చెప్పుకున్నాం కదా. 'శ్రీ' అంటే సాలీడు, 'కాళ' పాము, 'హస్తి' ఏనుగు. శివలింగం మీద గూడు అల్లి మోక్షం పొందిన సాలీడది. ఆ స్క్రిప్ట్ కోసం సాలీళ్ల గురించి చదువుతూ ఒక ఈగ దగ్గర ఆగిపోయాను.

ఆక్రోసెరిడే కుటుంబం ఈగలివి, దాదాపు 500 జాతులు. గూని వీపు, దాని కింద ఇంత చిన్న తల. ఆడ ఈగ వేలల్లో గుడ్లు పెట్టేసి వెళ్లిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగే సాలీడుని వెతుక్కుని, దాని కాలెక్కి, కీలు దగ్గర మెత్తటి చోట లోపలికి దూరుతుంది. పుస్తకాకార ఊపిరితిత్తుల పక్కన చేరి, సాలీడు పీల్చే గాలే తనూ పీలుస్తూ పడుంటుంది. టరాంటులా లాంటి ఎక్కువకాలం బతికే వాటిలో అయితే ఏళ్లు కూడా. అన్నాళ్లూ సాలీడు మామూలుగానే వేటాడుతుంటుంది. చివర్లో పురుగు గబగబా లోపలంతా తినేసి బయటికొస్తుంది.

ఇలాంటి కందిరీగల్ని చూసే డార్విన్, దయగల దేవుడు వీటిని కావాలని సృష్టించాడంటే నమ్మలేనని 1860లో ఒక ఉత్తరంలో రాశాడు.

మన దగ్గర ఈ ప్రశ్న ఇంకా పాతది. లోకంలో ఇన్ని తేడాలు, ఇంత బాధ ఉంటే ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ ఉన్నట్టేగా అని బ్రహ్మసూత్రాల్లో (2.1.34) చర్చ. శంకరులు వాన పోలిక చెప్తారు. వాన అన్నిటికీ ఒకటే, వరి వరిగా, యవలు యవలుగా మొలవడం విత్తనాన్ని బట్టి. అంటే ఎవరి కర్మని బట్టి వాళ్లకి.

పోనీ ఈగది పాపమా? జంతువులవి భోగజన్మలు, అవి చేసేదానికి కొత్త పాపం అంటదని పెద్దలంటారు. సాలీడు ఈగల్ని తినడమూ అంతే. (న్యాయంగానే ఉంది.)

నా ఇబ్బంది వాన పోలికతో కాదు, దాన్ని మనం వాడే తీరుతో. అది ఈశ్వరుడి మీద వేసిన నిందకి జవాబు. మనమేమో తీసుకెళ్లి మంచాన పడ్డవాళ్ల మీద వేస్తాం. మా పెద్దమ్మకి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిసేసరికే బాగా ముదిరిపోయింది. చూడ్డానికొచ్చినావిడ ఒకరు, "ఏ జన్మలో ఏం చేసుకుందో" అంది, మంచం పక్కనే నిలబడి. శాస్త్రం ప్రకారం తప్పేముంది అంటారేమో. ఏది ఏ విత్తనం మొలకో చూసే కన్ను ఆవిడకెక్కడిది? కర్మ తీరు అంతుపట్టదని గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడే చెప్పాడు. ఆ గదిలో అందరికీ కనబడిన కర్మ ఒక్కటే, ఆవిడ అన్న మాట. ఈగలా కాదు, ఆవిడ అనకుండా ఉండగలదు.

ఆ రాత్రి పెద్దమ్మ అడిగింది, "నిజంగా నేనేదైనా చేశానంటావా నాన్నా?"

"నాకు తెలీదు పెద్దమ్మా. వాళ్లకీ తెలీదు" అన్నాను.

తలూపి, దిండు కాస్త పైకి జరపమంది.