తన చేతిపని, పొరుగువాని ప్రాణము



ఒక మనుష్యుడు తన వస్తువును తన యింటనే, తన చేతులతోనే బాగుచేసికొనుట తప్పగునా? చెప్పు తెగినయెడల కుట్టుకొనును. మంచపుకోడు విరిగినయెడల అతుకుకొనును. ఎవరును అతని నడుగరు. అయితే ఆ వస్తువు మోటారుకారైనప్పుడు, అందులోను చక్రములను త్రిప్పు భాగమైనప్పుడు, ఆ ప్రశ్న అంత తేలికగా తెగదు.

మా సంఘములోని ఒక యువకుడు ఈ సంగతినే నాయొద్దకు తెచ్చెను. అతనికొక పాత ఇండికా కారు కలదు. పెండ్లిండ్లకు, ఆస్పత్రికి, బెజవాడ ప్రయాణములకు ఊరిలో సగముమంది దానినే ఆశ్రయింతురు. దాని స్టీరింగు ఆయిలు కారిపోవుచున్నది. "అయ్యగారండీ, ఆటోనగర్‌లో రాక్ మార్చడానికి చాలా అడుగుతున్నారు. పాత సామాన్ల కొట్లో రాక్ కొనుక్కొచ్చి ఇంటిదగ్గర నేనే వేసుకుందామనుకుంటున్నానండి. కారు నాది, కష్టం నాది. ఇందులో తప్పేముందండి?" అని అడిగెను.

మొదట ఆ భాగమెట్టిదో తెలిసికొందము. స్టీరింగు కడ్డీ చివర ఒక చిన్న పండ్లచక్రము ఉండును. దానిని కరచుకొని, కారు వెడల్పున అడ్డముగా ఒక పండ్లకడ్డీ ఉండును. దానినే రాక్ అందురు. మనము స్టీరింగు త్రిప్పినప్పుడు ఈ కడ్డీ కుడికో యెడమకో జరిగి, తన రెండు కొనలకున్న టై రాడ్ల ద్వారా ముందు చక్రములను త్రిప్పును. పూర్వము ఈ పనియంతయు భుజబలముతోనే జరిగెడిది. అమెరికాలో 1951వ సంవత్సరమున క్రైస్లర్ కంపెనీవారు ఆయిలు ఒత్తిడితో సహాయము చేయు ఏర్పాటును తమ కార్లలో అమ్మకమునకు తెచ్చిరి. మన దేశములో 1998లో వచ్చిన ఇండికా, శాంత్రో వంటి కార్ల కాలమున అది మన పల్లెలకును చేరెను. ఇప్పటి కొత్త కార్లలో పెక్కింటికి ఆయిలుకు బదులు విద్యుత్ మోటారే ఉన్నది గనుక వాటికి ఈ బాధ లేదు. పాతవాటిలో ఏండ్లు గడచినకొలది లోపలి సీళ్లు అరిగి, ఆయిలు మొదట రబ్బరు తొడుగులలోనికి దిగి, అవి నిండిన పిమ్మట నేలమీద చుక్కలుగా కనబడును.

ఆయిలంతయు పోయినను స్టీరింగు తెగిపోదు. కడ్డీకిని చక్రములకును ఉన్న ఇనుప సంబంధము నిలిచియే యుండును. కాని చేతికి బహు బరువగును. దీనిని విని కొందరు, "అయితే ప్రమాదమేమియు లేదు, వారమువారము కాస్త ఆయిలు పోసిన చాలును" అందురు. అట్టివారు మన కరకట్ట రోడ్డును తలంచుకొనవలెను. ఒకప్రక్క కాలువ, మరియొకప్రక్క పల్లపు పొలము, రోడ్డుమీద సగము వెడల్పున ఆరబోసిన ధాన్యము, సైకిళ్లమీద బడిపిల్లలు. మలుపులో బస్సు ఎదురైనప్పుడు, అంతవరకు తేలికగా తిరిగిన స్టీరింగు అకస్మాత్తుగా బిగిసినట్లయిన యెడల ఆ క్షణమున ఎంతమంది భుజములు పనికివచ్చును? కారిన ఆయిలు కాలిన పొగగొట్టముపై పడిన నిప్పంటుకొనుటయు కలదు. కారుట నాపునని సీసాలలో అమ్మెడి మందు కొన్నాళ్లు చుక్కలను ఆపినను, అరిగిన సీలును కొత్తది చేయజాలదు. కాబట్టి మార్చవలసినదే. ఇందులో ఆ యువకునికిని నాకును భేదము లేదు.

అయితే ఇక్కడ ఒక వింత యున్నది. కారుచున్న రాక్ తన చెడుగును దాచుకొనదు. నేలమీద మరక వేయును, మలుపులో మూలుగును, దినదినము హెచ్చరించును. తప్పుగా బిగించిన కొత్త రాకో, ఏమియు చెప్పదు. స్టీరింగు కడ్డీని రాకుతో కలుపు బోల్టు ఒకటి కలదు. అది సరియైన గాడిలో కూర్చొనక పైపైన బిగిసినను, ఊరిలో రెండు చుట్లు తిరిగివచ్చునంతవరకు బాగుగనే యుండును. టై రాడ్డు నట్టుకు వేయవలసిన స్ప్లిట్ పిన్ను మరచినయెడల ఆ నట్టు నెల దినములు మెల్లమెల్లగా వదులగుచు పోవును. ఎయిర్‌బ్యాగు ఉన్న కారులో స్టీరింగును కదలకుండ కట్టివేయక కడ్డీని విప్పినయెడల, అది గిర్రున తిరిగి లోపలి చుట్టతీగ తెగవచ్చును. ఎయిర్‌బ్యాగు పనిచేయవలసిన దినమున అది పనిచేయదు. పాత సామాను కొట్టులోని రాక్ ఏ గుద్దుకొనిన బండిలోనిదో మనకు తెలియదు. కడ్డీలోని సన్నని వంకర కంటికి ఆనదు. పొదుపునకై మనము చేసిన బాగు, మొదటి చెడుగుకంటె హెచ్చు అపాయకరము కావచ్చునన్నమాట.

అట్లయిన ఇంటివద్ద చేయకూడదని తీర్పు చెప్పుదమా? నేను చెప్పను. ఆటోనగర్ 1960లలో ఏర్పడినది మొదలు నేటివరకు లారీలకు, బస్సులకు ఊపిరి పోయుచున్నది. ఇంజిను శబ్దము విని రోగము చెప్పగల మేస్త్రీలు అక్కడ కలరు. కాని ఏ షెడ్డులోనైనను సాయంకాలపు తొందరలో బోల్టు బిగించువాడు నిన్న పనిలో చేరిన కుర్రవాడు కావచ్చును. "డబ్బిచ్చితిని, ఇక నా పూచీ తీరినది" అని కారు క్రిందికి ఒక్కసారియైన వంగిచూడని యజమానుడు, ఇంటిలో తెలియక బిగించినవానికంటె నీతిమంతుడెట్లగును? పైకము పనిని కొనగలదు గాని పూచీని అమ్ముకొనజాలదు.

పురాతన బాబిలోనులో హమ్మురాబి రాజు శాసనము కలదు. కట్టిన యిల్లు కూలి యజమానుడు చచ్చినయెడల కట్టినవానికి మరణమే. అది జరిగిన పిమ్మటి మాట. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము, కొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ ముందే కట్టవలెనని ఆజ్ఞాపించుచున్నది. ఇల్లు తనదే, మిద్దె తనదే; అయినను దానిమీదికి ఎక్కువాడు పరుడు కావచ్చును. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దు సంగతి ఇంకను లోతైనది. అది పొడుచునని ముందు హెచ్చరింపబడియు కట్టివేయని యజమానునికి శిక్ష మారును. మన దేశపు 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 190వ సెక్షనులో, మరియొక అడుగు వేసినది. నడుపువానికి తెలిసిన లోపమే కాదు, సామాన్యమైన శ్రద్ధతో చూచియుండిన తెలియదగిన లోపమును కూడ అది లెక్కలోనికి తీసికొనును. "నాకు తెలియదు" అనుట వేరు, "నేను చూడలేదు" అనుట వేరు.

కాబట్టి నా తలంపులో, పని ఇంటిలో జరిగినదా షెడ్డులో జరిగినదా యనునది గీటు కాదు. చేసినవాడు తన పనిని మరియొకని కంటికి తెరచి చూపెనా యనునదే గీటు. తప్పు చేసిన కన్నే ఆ తప్పును వెదకిన ఎట్లు దొరకును?

ఆ యువకునితో, చేయుమని చెప్పితిని. జాకీమీదనే నమ్మికయుంచక కారు క్రింద గట్టి స్టాండ్లు పెట్టుమంటిని. కొన్ని కార్లలో ఇంజిను క్రింది చట్టమును దించనిదే రాక్ వెలుపలికి రాదు. అట్లయిన ఒంటరిగా పూనుకొనవద్దంటిని. టై రాడ్డు చివరలు విప్పునప్పుడు ఎన్ని చుట్లు తిరిగెనో వ్రాసికొనుట, కంపెనీవారు చెప్పిన ఆయిలునే వాడుట, ముందు చక్రములు పైకెత్తి ఇంజిను ఆపియే ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పుచు గాలిబుడగలు పోవువరకు ఆయిలు నింపుట, అటుతరువాత తప్పక అలైన్‌మెంటు చేయించుట, ఇవన్నియు అతడు సంతోషముగా ఒప్పుకొనెను. ఒక్కదానికి మాత్రము ముఖము ముడుచుకొనెను. ఊరివారిని ఎక్కించుకొనకముందు, తాను బేరము వదలివచ్చిన ఆ మేస్త్రీ యొద్దకే కారు తీసికొనిపోయి, కూలి యిచ్చి, ప్రతి బోల్టు చూడుమని అడుగవలెనంటిని.

"వాడు నవ్వుతాడండి అయ్యగారూ."

చూచితిరా, అడ్డుపడినది డబ్బు కాదు. పనికి వేలు పోయుటకు మనము వెనుకాడుదుము. చూచుటకు వంద పోయుటకు వెనుకాడుట మరియొక కారణముచేత. తన చేతిపనిమీది ప్రీతి మంచిదే. కాని ఆ ప్రీతి పరుని కంటిని ఓర్వలేనిదైనప్పుడు, వెనుక సీటులో కూర్చుండు గర్భిణి ప్రాణమును మన పరువుతో తూచుచున్నామన్నమాట. ఆమె ఈ తూనికకు ఎన్నడును ఒప్పుకొనియుండలేదు. అతనితో ఇదే చెప్పితిని: "నాయనా, వాడు నవ్వితే నవ్వనీ. నవ్వుకుంటూ అయినా బోల్టు చూస్తాడు గదా." అతడు తలవంచుకొని పోయెను. మేస్త్రీకి చూపినదాకా కారులో ఎవరిని ఎక్కించనని మాత్రము చెప్పెను.

విప్పిన పాత ఆయిలును గూర్చి ఒక మాట. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవీసు కాలువ మోసికొనివచ్చు నీరే మన చెరువులను నింపును. దానినే మనము త్రాగుదుము. ఇంటివెనుక బోదెలో ఒంపిన ఆయిలు అక్కడ ఆగదు. డబ్బాలో పట్టి, వాడిన ఆయిలు తీసికొనువారికి ఇయ్యవలెను.

ఇంతకంటె హీనమైన మార్గము ఒకటి మిగిలియున్నది. బాగుచేయను ఓపిక లేక, చేయించను పైకము లేక, ఉదయముననే ఆయిలు నిండపోసి, నేల కడిగి, క్రింది భాగములు గుడ్డతో తుడిచి, గుడివాడనుండియో ఉయ్యూరునుండియో వచ్చినవానికి కారు అమ్మివేయుట. కొన్నవాడు పిల్లలతో కరకట్టమీదుగానే యింటికి పోవును. అమ్మదలచినవాడు ముందురాత్రి కారు క్రింద ఒక అట్టముక్క పరచి, తెల్లవారి బేరమునకు కూర్చొనకముందే దానిని తీసి కొనువాని చేతికియ్యవలెను. మరకను చూచి అతడెంత తగ్గించి అడుగునో అడుగనిండు.